ఆరో పిన్ను

మా బావ వాయుసేనలో ఇంజను ఫిట్టరుగా పదిహేనేళ్ళు చేసి బయటికొచ్చేశాడు. మా అక్క అరకులోయ దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరు. ఆ క్వార్టర్లోనే ఇద్దరి కాపురం. నేను అదే లైన్లో, కిరండూల్ బండి వెళ్ళే దారిలో, సిగ్నళ్ళు చూసుకునే ఉద్యోగిని. సెలవు దొరికితే అక్క ఇంటికే వెళ్ళేవాడిని.

తొంభైల చివర్లో ఒకనాడు బావ బెంగుళూరు నుంచి లారీలో ఒక సామాను తెప్పించాడు. మూడు చక్రాల తొట్టి, అందులో ఒకరి వెనక ఒకరు కూర్చునే రెండు సీట్లు, వెనక మోటారు సైకిల్లాగా పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే ఇంజను, దాని వెనక ప్రొపెల్లరు. వేరే చుట్టలో పొడుగాటి గుడ్డ రెక్క. దానికి స్టీరింగు ఉండదు. రెక్క కింద త్రికోణంలాగా వేలాడే గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని మన బరువుని ఎటు జరిపితే రెక్క అటు వాలుతుంది. అనుమతి కాగితాల కోసం ఆయన ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాడో నాకు తెలుసు. అవి చేతికొచ్చిన రోజున మా అక్క దేవుడి దగ్గర దీపం పెట్టింది.

ఎగరడానికి నేల కావాలి. లోయలో ఒక గూడెం పక్కన బల్లపరుపుగా, పడావు పడిన చేను ఒకటి ఉండేది. అది కొండదొర తెగకి చెందిన ఒక ముసలాయనది. బావ ఆయన నీళ్ళ ఇంజను బాగుచేసి పెట్టాడు, ఆయన చేను వాడుకోమన్నాడు. రెక్కని మడిచి ఆయన పశువుల శాలలో అటక కింద వేలాడదీసేవాళ్ళం. ఆదివారం పొద్దున్నే మంచు విడకముందే వెళ్ళి, రెక్క దించి, గొడుగు విప్పినట్టు విప్పి, తీగలు బిగించి, తొట్టికి తగిలించేసరికి గంట పట్టేది.

ఆ బిగింపు పని నాది. "నువ్వు రైల్వేవోడివిరా. నువ్వు బిగించిన నట్టు మరి సూసుకోనక్కర్లేదు" అనేవాడు బావ. ఆ మాటకి నేను పొంగిపోయేవాడిని.

రెక్క విప్పిన ప్రతిసారీ ఆరు చోట్ల బోల్టులు వేయాలి. ఒక్కొక్క బోల్టుకి చేత్తో తిప్పే నట్టు ఉంటుంది. ఇంజను అదురుకి ఆ నట్టు ఊడిపోకుండా దానికి అడ్డంగా సన్నని లాకు పిన్ను గుచ్చాలి. ఆ ఆరు పిన్నులనీ ఒక స్టీలు మూతలో పోసుకుని, మూత ఖాళీ అయ్యేదాకా లేచేవాడిని కాదు.

ఆ నవంబరు ఆదివారం మాత్రం మూత తీసుకెళ్ళలేదు. పిన్నులు చొక్కా జేబులో వేసుకున్నాను.

కొండవాలు నిండా వలిసె పూలు పచ్చగా ఉన్నాయి. మంచు ఎంతకీ విడవలేదు. దానికి తోడు ఆరోజు ముసలాయన భార్య ఎగరబోతోంది. ఏడాదిగా ఆవిడ ఆ బండి లేవడం, దిగడం చూస్తోంది. కొండ అవతల ఉన్న కూతురి ఊరు పైనుంచి చూడాలని పట్టుబట్టింది. బావ చివరికి సరేనన్నాడు. ఆ కబురు పాకి గూడెం గూడెమంతా చేనులోకి దిగింది. నేను త్రికోణం గొట్టం కుడి మూల దగ్గర కూర్చుని బోల్టుకి నట్టు తిప్పుతున్నాను. ఇద్దరు ముగ్గురు ప్రొపెల్లరు దగ్గరికి వెళ్ళి దాన్ని చేత్తో నిమరడం మొదలెట్టారు. నేను లేచి, అరిచి, అందర్నీ గట్టు మీదికి తోలి వచ్చాను. వచ్చేసరికి బావ ముసలమ్మకి బెల్టు కడుతున్నాడు.

"అయిందేటిరా?" అన్నాడు.

"అయింది బావా" అన్నాను.

ఎప్పుడూ బండి చుట్టూ ఒకసారి తిరిగి, తీగ తీగా లాగి చూసుకుని ఎక్కే మనిషి, ఆరోజు పొద్దెక్కిపోయిందని తిరగకుండానే ఎక్కాడు. ముసలమ్మ తలకి తువ్వాలు చుట్టి, దాని మీద హెల్మెట్టు పెట్టుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బావ భుజాలు పట్టుకుంది. ఇంజను గీపెట్టింది. చేను మీద నాలుగు గెంతులు గెంతి బండి లేచింది. గూడెం అంతా ఒక్కటే కేక.

వాళ్ళు రెండు చుట్లు తిరిగి పైకెక్కుతుండగా ముక్కు తుడుచుకుందామని చేతిరుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాను. వేలికి చురుక్కుమని గుచ్చుకుంది.

తీసి చూశాను. లాకు పిన్ను.

తరవాత ఒక్కొక్క బోల్టూ గుర్తు చేసుకోవడం మొదలెట్టాను. ముక్కు దగ్గరది గుచ్చాను, వెనకది గుచ్చాను, ఎడమ మూలది గుచ్చాను, పైన రెండూ గుచ్చాను. కుడి మూల దగ్గరికి వచ్చేసరికి నా అరుపు గుర్తొచ్చింది. ఆ నట్టు సగమే తిప్పి లేచాను. మళ్ళీ కూర్చోలేదు.

ఆ మూల నుంచి పోయే తీగే రెక్క కుడి సగాన్ని పట్టి ఉంచుతుంది. అది ఊడితే రెక్క పైకి ముడుచుకుపోతుంది. ఆ తరవాత చెయ్యగలిగిందేమీ ఉండదు. బావే ఎన్నోసార్లు చెప్పాడు.

నేను నిలబడి లెక్కలేసుకున్నాను. ఎగురుతున్నప్పుడు బరువంతా ఆ తీగ మీదే ఉంటుంది. బిగువుగా ఉన్నంతసేపు, నట్టు లేకపోయినా, బోల్టు రాపిడికి కదలకుండా ఉండొచ్చు. గాలి ఎగదోసి వదిలేస్తే తీగ ఒక్క క్షణం వదులవుతుంది. అప్పుడు జారుతుంది. పొద్దున గాలి నూనెలాగా ఉంటుంది. ఎండ కొండలకి తగిలాక మొదలవుతాయి కుదుపులు. మంచు వల్ల అప్పటికే ఆలస్యమైంది. పైగా వాళ్ళు కూతురి ఊరి కోసం కొండ కనుమ వైపు వెళ్తున్నారు. ఆ కనుమలో గాలి ఎప్పుడూ మంచిది కాదు.

"ఏటి బాబూ, అలగయిపోనావు?" అన్నాడు పక్కనే ఉన్న ముసలాయన.

"ఏం లేదు" అన్నాను.

ఆయన నా చేతిలోకి చూశాడు. నేను గుప్పిట మూశాను.

మా దగ్గర రేడియో లేదు. బావ నేల మీద గుర్తులు పెట్టాడు. అక్క పాత తెల్లచీరలు రెండు ఉండేవి. ఒకటి పరిస్తే గాలి ఇటు అని. రెండూ అడ్డంగా పరిస్తే ఇక్కడ దిగొద్దని. రెండూ పక్కపక్కన పరిస్తే వెంటనే దిగమని. పరచడానికి పరిగెత్తి, చీర విప్పుతూ ఆగిపోయాను. వెంటనే దిగమంటే బావ ఎలా దిగుతాడో నాకు తెలుసు. రెక్కని నిలువునా వాల్చి, గిరగిరా తిరుగుతూ దిగుతాడు. అది ఆయన సరదా. అలా తిరిగినప్పుడు తీగ మీద రెట్టింపు బరువు పడుతుంది, మళ్ళీ సమమయ్యేటప్పుడు ఒక్కసారిగా వదులవుతుంది. పిలిస్తే నేనే చంపినట్టవుతుంది. పిలవకపోతే కనుమ దాటి వెళ్ళిపోతారు.

బండి అప్పటికే కొండ అంచు మీద తూనీగంత కనిపిస్తోంది.

పరిచాను. ఇంకేం చెయ్యాలో తెలియక పరిచాను.

చాలాసేపు అది అలాగే వెళ్ళింది. చూడలేదు అనుకున్నాను. అంతలో ఒక పక్కకి వాలి వెనక్కి తిరిగింది. మా నెత్తి మీదికి వచ్చేసరికి ఇంజను చప్పుడు తగ్గింది. రెక్క వాలడం మొదలైంది. ఒక చుట్టు. రెండో చుట్టు ఇంకా నిటారుగా.

నేను చేను మధ్యలోకి పరిగెత్తాను. అరిచినా వినపడదు. ఏం తోచిందో, రెండు చేతులూ పక్కలకి బారచాచి, భుజాలు సమంగా పెట్టి, కదలకుండా నిలబడ్డాను. రెక్క సమంగా ఉంచు అని చెప్పడానికి నా దగ్గర ఉన్నవి ఆ రెండు చేతులే. ఒక్క మనిషి పైనుంచి ఎంత కనపడతాడు? చీపురుపుల్లంత.

వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. ముసలాయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"నువ్వేటి సేత్తన్నావో నాకు తెలీదు. పెద్దదేదో అయినాది. మేమూ సెయ్యాలా?"

"చెయ్యండి తాతా. అందరూ. కదలొద్దు."

ఆయన వాళ్ళ భాషలో వెనక్కి ఒక్క కేక వేశాడు. గట్టు మీద ఉన్న ఆడా మగా అంతా దిగొచ్చారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. చేను పొడుగునా వరసగా నిలబడి చేతులు చాచారు. కొందరు ప్రార్థన అనుకున్నారు. ఒకావిడ కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతోంది. నేను తల పైకెత్తి రెక్కనే చూస్తున్నాను. కుడి వైపు గుడ్డ చిన్నగా అల్లాడినట్టు అనిపించింది. నిజంగా అల్లాడిందో, నా కళ్ళే నీళ్ళతో అల్లాడాయో ఈరోజుకీ చెప్పలేను.

మూడో చుట్టు సగంలో రెక్క మెల్లగా లేచి సమమైంది. మళ్ళీ వాలలేదు. లోయ మీదుగా చాలా దూరం పోయి, వెడల్పాటి మలుపు తిరిగి, చేనుకి ఎదురుగా వచ్చింది. నేను చేతులు దించి అందర్నీ పక్కకి తోశాను. చక్రాలు నేలకి తగిలాయి, ఒకసారి ఎగిరాయి, మళ్ళీ తగిలాయి. నేను పరిగెత్తుతూనే ఉన్నాను. బండి ఆగకముందే కుడి మూల గొట్టాన్ని పట్టుకున్నాను.

నట్టు లేదు. బోల్టు సగానికి పైగా బయటికొచ్చి తల వాల్చి ఉంది. తీగ కొక్కెం దాని కొస మీద వేలాడుతోంది.

బావ ఇంజను ఆపి దిగాడు. నేను పిన్ను చూపించాను. బోల్టు చూశాడు. దాన్ని వేలితో తోస్తే చప్పుడు లేకుండా నేల మీద పడింది. ఆయన ముఖం బూడిద రంగుకి తిరిగింది. ఇంకా సీట్లోనే ఉన్న ముసలమ్మ మాత్రం మండిపడుతోంది.

"కనుమ కాడికెల్లినాక ఎనక్కి తిప్పీసినావేటి? మా గుంట ఊరు సూడనేదు!"

"గాలి బాగోనేదమ్మా" అన్నాడు బావ.

ఆ మాట అక్కడితో వదిలేసినా చెల్లేది. గూడెంలో ఎవరికీ ఏమీ తెలియదు. కానీ ముసలాయన నా ఎదురుగా నిలబడ్డాడు. ఎందుకో తెలియకుండానే నా మాట మీద చేతులు చాచిన మనిషి. అబద్ధం నోటికి రాలేదు. పిన్ను ఆయన అరచేతిలో పెట్టి, ఇది ఆ బోల్టుకి గుచ్చాల్సింది, నేను మర్చిపోయాను, అది ఊడితే రెక్క విరిగి ఇద్దరూ పడిపోయేవాళ్ళు అని చెప్పాను.

ఆయన పిన్నుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నా ముసిల్ది పడిపోయుంటే నాకేటి సెప్పుదువు బాబూ?"

ఆయన జవాబు కోసం ఆగలేదు. పిన్ను తిరిగి నాకిచ్చి, భార్యని చెయ్యి పట్టుకుని దించి, ఇంటికి తీసుకుపోయాడు. జనం ఆయన వెనకాలే వెళ్ళారు. తిట్టినా బాగుండేది.

మేమిద్దరం రెక్క ఊడదీసి మడిచాం. చివరి తీగ చుడుతూ బావ అన్నాడు: "నువ్వు మర్సిపోనావు. సూడకుండా ఎక్కింది నేను. మీ అక్కకి ఇద్దరం కలిసి సెబుదాం."

చెప్పాం. అక్క పప్పు కలుపుతూనే విని, బావని కాదు, నన్ను చూసింది. "నువ్వుంటావనే నేను పంపిస్తున్నానురా" అంది. ఆ పూట నేను అన్నం తినలేదు. మూడు నెలలు ఆ చేను వైపు వెళ్ళలేదు. డ్యూటీలో మాత్రం పట్టాలు మారే ప్రతి పాయింటు దగ్గరా రెండేసి సార్లు వంగి చూసేవాడిని. నాతో నడిచే ఖలాసీ "ఏటి సార్, ఏదైనా పారేసుకున్నారా?" అని అడిగేవాడు.

మాఘమాసంలో ముసలమ్మే క్వార్టరుకి వచ్చింది. బుట్టలో చిక్కుడుకాయలు తెచ్చి అక్క ముందు పెట్టి, ఎప్పుడు ఎగురుతాం అని అడిగింది. జరిగినదంతా ఆవిడకి మొగుడు చెప్పేశాడట. "సెట్టెక్కినోడు పడడా? ఈసారి సరిగ్గా కట్టండి" అంది.

ఆ ఆదివారం ముసలాయన కూడా నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒక్కొక్క బోల్టూ చూపించి అది ఏం చేస్తుందో చెప్పాను. ఆయన ప్రతి పిన్నునీ గోటితో లాగి చూశాడు. నేను బిగించాక బావ చూశాడు, బావ చూశాక ఆయన చూశాడు. ఆయన తల ఊపాకే ఇంజను తిప్పాం. వాళ్ళు కనుమ దాటి కనపడకుండా పోయిన పదిహేను నిమిషాలూ మేమిద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఆయన చుట్ట వెలిగించి, నాలుగు దమ్ములు పీల్చి, నా చేతికిచ్చాడు. నాకు అలవాటు లేదు. తీసుకున్నాను.

తరవాత నేను కూడా ఎగరడం నేర్చుకున్నాను. ఒంటరిగా లేచిన మొదటి రోజున కింద తోటలూ రైలు పట్టాలూ ఏవీ చూడలేదు. చూపంతా బోల్టుల మీదే. దిగాక ఆ మాట చెబితే బావ బాగా నవ్వాడు.

అలా ఏడెనిమిదేళ్ళు ఎగిరాం. ఒక వేసవిలో రెక్క గుడ్డ కుట్టు దగ్గర బావ గోరు పెట్టి నొక్కితే చిరిగింది. ఎండకి చివికిపోయింది. ఎవరో విశాఖపట్నం నుంచి వచ్చి, కొత్త గుడ్డ వేయించుకుంటాం, మాకివ్వండి అన్నారు. బావ ఆలోచిస్తానన్నాడు. వాళ్ళ జీపు మలుపు తిరిగాక లోపలికెళ్ళి హాక్సా బ్లేడు తెచ్చాడు.

"రెక్క లోపలి గొట్టాలు కూడా అలిసిపోయుంటాయిరా. పైకి అవుపడదు" అన్నాడు. "ఎవడో కుర్రోడు దీన్నే కట్టుకుని ఎగురుతాడు."

నేను గొట్టం కొస కదలకుండా పట్టుకున్నాను. ఆయన కోస్తూ పోయాడు. అల్యూమినియం పొడి ఇద్దరి కాళ్ళ మీదా పడింది. గొట్టాలన్నీ ముక్కలయ్యేసరికి మధ్యాహ్నమైంది. అక్క అన్నానికి పిలిచింది. చేతులు కడుక్కుని వెళ్ళాం.