వద్దంటే మతి లేనట్టు

సముద్రం మీద జరిగిన సంగతిని ఉన్నదున్నట్టు చెప్పిన పాపాన నేనెప్పుడూ పోలేదు. హంసలదీవి దగ్గర చాపంత వెడల్పు టేకుచేప ఒకటి మా పడవని వీపుమీద ఎత్తుకుని, చద్దన్నాల వేళకి బందరు రేవులో దించిందని చెప్పి నమ్మించినవాణ్ణి. నమ్మించానని నేననుకున్నానంతే. ఎవరూ నమ్మలేదని పంతొమ్మిదివందల అరవైల్లో మా బావ జబ్బు పడ్డప్పుడు తెలిసింది.

బావ అంటే మా అక్క మొగుడు. దివిసీమలో చేపల వ్యాపారం. మూత్రపిండాలు రెండూ చెడి, ఒళ్ళంతా నీరు పట్టి బందరు ఆసుపత్రిలో చేరాడు. పొద్దున్నే తెలివిగా ఉండేవాడు, మధ్యాహ్నానికి మత్తు కమ్మేది. మద్రాసు తీసుకెళ్తే పొట్టలోకి గొట్టం వేసి, మందునీళ్ళు పోసి తీసి విషం కడుగుతారని డాక్టరు చెప్పాడు. కుర్రవాడు, మంచివాడే. పొద్దున్నే, అక్క ఇంకా ఊరినుంచి రాకముందే వచ్చి, వెళ్తారా అని బావనే అడిగాడు.

"కడిగితే నాలుగు రోజులు బాగుంటాను, మళ్ళీ నిండుతుంది, మళ్ళీ కడగాలి. అంతేనాండీ?" అన్నాడు బావ.

"అంతేనండి."

"అయితే వద్దండి. ఇంటికెళ్ళిపోతాను."

"వెళ్తే ఎక్కువ రోజులు బతకరు."

"తెలుసండి. మా ఆవిడ చేతి పులుసు తినే పోతాను."

అంత స్పష్టంగా మా ఊళ్ళో పంచాయతీ పెద్ద కూడా మాట్లాడలేడు. కానీ విషం తలకెక్కి అంటున్నాడేమోనని డాక్టరుకి అనుమానం.

"ఇవాళ తారీఖెంతో చెప్పండి."

"తారీఖు నాకెందుకండీ? ఇవాళ అష్టమి. పోటు పెద్దగా ఉండదు."

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుని, మనిషికి రోజు కూడా తెలియడం లేదని మా అన్నయ్యతో చెప్పాడు. అష్టమేనండీ, ఆటుపోట్ల మీద బతికేవాళ్ళం తిథులే లెక్కపెట్టుకుంటామండీ అని నేను వరండా చివరిదాకా వెంటపడ్డాను.

"వీడి మాటలు పట్టించుకోకండి డాక్టరుగారూ, చేపల చేత పడవలు మోయిస్తాడు," అన్నాడు అన్నయ్య.

మధ్యాహ్నం బావ మత్తులో ఉండగా డాక్టరు ముందు అన్నయ్యే అడిగాడు. "బావా, మద్రాసు వెళ్దామా?"

"ఊ," అన్నాడు బావ.

"చూశారా, ఒప్పుకున్నాడు!"

నాకు ఒళ్ళు మండిపోయింది. వంగి, "బావా, నన్ను ఈ ఆసుపత్రికి పెద్ద డాక్టర్ని చేసేద్దామా?" అన్నాను.

"ఊ."

"నర్సమ్మగార్ని వల లాగడానికి పంపుదామా?"

"ఊ."

నర్సమ్మ నవ్వింది. డాక్టరూ నవ్వాడు. అన్నయ్య మాత్రం నవ్వలేదు. బావ బొటనవేలికి సిరా పూసి ఒప్పుదల కాగితం మీద నొక్కించాడు. వద్దన్న పొద్దున మతి లేదట, ఊ అన్న మధ్యాహ్నం ఉందట! ఇంతకంటే పెద్ద అబద్ధం నేను ఏ రేవులోనూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున, అక్కని కూడా తోడు పెట్టి, బావని రైలుబండి ఎక్కించారు. గుడివాడలో ఆగేసరికి బావకి తెలివొచ్చి లేచి కూర్చున్నాడు. "ఇక్కడ దిగిపోదామే. ఎదురు బండెక్కి ఇంటికెళ్దాం," అన్నాడు అక్కతో.

"మళ్ళీ మొదలు," అంటూ అన్నయ్య తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

అక్క నా వైపు తిరిగింది. "ఏరా, నిన్న పొద్దున కూడా ఇలాగే అన్నారా?"

"అన్నాడక్కా. చచ్చిపోతానని తెలిసే అన్నాడు." జన్మలో మొదటిసారి ఒక్క మాట కూడా కలపకుండా చెప్పాను.

అక్క నా మొహంలోకి చాలాసేపు చూసింది. అబద్ధం చెప్పేటప్పుడు కూడా ఇదే మొహం పెడతాను కాబోలు.

"నీ మాట నమ్మి నా మొగుణ్ణి చంపుకోమంటావా?" అంది.

గార్డు ఈల వేశాడు. బావ మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసి, తన ఇష్టం అడిగేవాళ్ళు లేరని తెలిసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్క ఆయన కాళ్ళ మీద దుప్పటి సర్దింది.