పదిహేడో నంబరు డిజైను పదవీ విరమణ

చకర్‌భాటా విమానాశ్రయానికి ప్రయాణికుల విమానాలు రావడం మొదలైన ఏడాది జూన్‌లో, దగ్గర్లోని సిర్గిట్టి పారిశ్రామికవాడలో ఒక ప్రైవేటు పరీక్షా కేంద్రంలో నన్ను సీనియర్ ఇంజనీరుగా వేశారు. లోహానికి గట్టి దెబ్బ తగిలితే లోపల షాక్ తరంగం పరిగెడుతుంది. అది వెనకున్న పరికరాన్ని పగలగొట్టకుండా ఆపే పొరల పలక మేం తయారుచేయాలి. గ్యాస్ తుపాకీతో పరీక్ష ఒక్కసారే. పరికరం పగిలితే మా విభాగం మూత.

ఏ పొర ముందుండాలి, ఎంత మందం ఉండాలి అన్నది పరిణామ పద్ధతిలో కంప్యూటరే వెతుకుతుంది. వంద డిజైన్లు పుట్టిస్తుంది, నాసివాటిని తీసేస్తుంది, మిగిలినవాటిని కలిపి కొత్త తరం తీస్తుంది. అన్నిటికంటే మంచిదాన్ని మాత్రం ముట్టుకోవద్దని నేనే రాశాను. ఆ మంచిది పదిహేడో నంబరు. మూడు వారాలుగా మొదటి స్థానంలోనే కూర్చుంది, అయినా తరంగం హద్దు దాటుతూనే ఉంది. పరీక్ష శుక్రవారం.

ఫైలు కదలాలంటే అప్పారావుగారి సంతకం కావాలి. రైల్వే పర్సనల్ బ్రాంచిలో సూపరింటెండెంటుగా రిటైరై, మా దగ్గర పరిపాలన చూసేవారు. తీసేసిన డిజైన్ల జాబితా చూసి ముఖం మాడ్చుకున్నారు.

“ఏటమ్మా ఇది? సంజాయిషీ అయినా అడక్కుండా ఇంతమందిని తీసేస్తావా?”

అవి మనుషులు కావన్నాను. నంబరుంటే సర్వీసు ఉన్నట్టేనన్నారు. మీ రైల్వేలో కుర్చీలు ఎప్పటికీ ఖాళీ కావా అని నిలదీశాను. ఆయన జాబితా నా ముందుకు తోశారు.

“అచ్ఛా. అయితే రిటైర్మెంటు రూలు రాయి. అరవై తరాలు నిండితే ఎవడైనా సరే దిగిపోవాల.”

పదిహేడుకి మినహాయింపు అడిగాను. ఒకడికిస్తే రేపు అందరూ అర్జీలు పట్టుకొస్తారన్నారు. ఉన్నవాటిలో మేలైనదాన్ని పారేయడం మూర్ఖత్వమని గంటసేపు వాదించాను. చివరికి సంతకం కోసం ఆ నియమం రాశాను, ఫలితం చెడినప్పుడు ఆయన సంగతి చూద్దామని.

పదిహేడుకి అప్పటికే వయసు మీరింది. బుధవారం దిగిపోయింది. దాని ప్రింటుకి ఆయన దండ వేయించి, సమోసాలు తెప్పించి, మచ్చలేని సర్వీసని రెండు మాటలు కూడా చెప్పారు. నేను సమోసా తిన్నాను, చప్పట్లు మాత్రం కొట్టలేదు.

గురువారానికి మెత్తని పొర మధ్యలోంచి ముందుకొచ్చిన కొత్త డిజైను పుట్టింది. తరంగం హద్దులోపలే ఉంది. శుక్రవారం పేల్చారు. పరికరం పగల్లేదు.

తప్పు నా పద్ధతిదే. మంచిదాన్ని కదలనీయకపోతే చుట్టూ దాని నకళ్ళే పుడతాయి. ఆ తర్వాత నేను రాసిన ప్రతి ప్రోగ్రాములోనూ పదవీ విరమణ వయసు పెట్టాను. ఆ నియమం ఎవరిదో ఏ నివేదికలోనూ రాయలేదు. నేనూ దిగిపోయాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.