నెబ్రాస్కాలో లేని బావి

ఒక బావిని ఏళ్లుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరుగరు, అందుకే మీకు చెప్తున్నాను.

శంషాబాద్‌లో మా మేడగదిలో కూర్చుని, తెల్లవారుజామున కంప్యూటర్‌లో నెబ్రాస్కా పిల్లలకు వాళ్ల రాష్ట్ర చరిత్ర చెప్పడం నా పని. ఆ రాష్ట్రం నేను చూడలేదు. పటాల మీద వేలు పెట్టి తిరిగానంతే. ఆ వేళ వాళ్ల సాయంత్రం, మా పొగమంచు సగం నిద్రలో కలిసిపోయేవి.

ఒకరోజు, రైలు దారి పక్కకు పోయి ఖాళీ అయిన అక్కడి ఒక పల్లె గురించి చెబుతున్నాను. ఆ ఊళ్లో ఏముండేదని నందిని అనే తెలుగు పిల్ల అడిగింది. తెలియదంటే సరిపోయేది. అప్పుడే మంచులో ఎక్కడో విమానం దిగిన చప్పుడు. అది దిగే చోటే మా పాత ఊరుండేది. రాతి కట్టు చేదబావి ఉండేదన్నాను. గట్టు మీద తాళ్లు ఒరిసిన గాట్లు, వంగి చూస్తే నీళ్లలో కదిలే ఆకాశం. అదంతా మా బావి. ఎవరికైనా చెప్పుకోవాలని అంత ఆశగా ఉండేదా నాకు?

కొన్నాళ్లకు నెబ్రాస్కా నుంచి నందిని వాళ్లమ్మ ఫోన్ చేసింది. ఆమె పుట్టినూరు షాద్‌నగర్.

“అక్కా, గా బావి చూద్దామని పిల్లను తీస్కొని పోయినం. ఏం దొరకలే. మా పక్కింటి అమెరికా పెద్దాయనది గదే ఊరంట. బావి ముచ్చట చెప్తే యాదికొచ్చిందన్నడు. చిన్నప్పుడు గా నీళ్లు తాగిండంట. చెప్పుకుంట ఏడ్సిండు. నిజంగ గట్లనే ఉండెనా అక్కా?”

“గట్లనే ఉండె,” అన్నాను.

మొదటిది నోరు జారడం. ఇది తెలిసి చేసింది. ఆయనకు అసలు జ్ఞాపకం ఏదో ఉండే ఉంటుంది, ఒక చేతిపంపో, వాగో; చరిత్ర చెప్పాల్సిన నేను దాన్ని పూడ్చి, ఆయన బాల్యంలో లేని బావి తవ్వాను. ఆయన పోయాక సంతాప సభలో మనవరాలు ఆ బావి గురించే మాట్లాడిందని నందిని వాళ్లమ్మ చెప్పింది. అప్పుడూ నోరు విప్పలేదు. జాలి అనుకున్నాను చాలాకాలం. జాలి కాదు. మా బావి నీళ్లు తాగిన మనిషి ఇంకొకరు దొరికారని సంతోషం వేసింది. సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం.

క్షమించమని ఎవరిని అడగను? ఆ పెద్దాయన ఇంటివాళ్లకు ఈ తెలుగు చేరదు. రాశాక గుండె కాస్త తేలికైంది, అంతే.

ఆ బావి నెబ్రాస్కాలో లేదు. ఇక్కడ, రన్‌వే కింద ఉంది. ఆ పెద్దాయన దాని నీళ్లు ఎన్నడూ తాగలేదు. నేను తాగాను.