వాన అడిగితే రేటు చెప్పిన సాఫ్ట్‌వేర్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. కోయంబత్తూరు గాంధీపురంలో, ఒక బట్టల షాపు మేడమీద నా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఒట్టన్‌చత్రంలో రైతుల కూరగాయలు కమిషన్‌కు అమ్మిపెట్టే మండి నడిపే రంగసామి మామ నా మొదటి కస్టమర్. తెల్లారగానే ఆయన మునక్కాయ, టమాటా ధరలు మా ఇంటి తెలుగులో చెప్పేవాడు. నా ప్రోగ్రాం ఆ గొంతును రైతుల ఫోన్లకు పంపేది. తరతరాలుగా తమిళనాడులోనే ఉన్న మావాళ్లు తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు, అందుకే ఈ ఏర్పాటు.

అంతా సాఫీగా సాగుతుంటే మెసేజింగ్ నెట్‌వర్క్ కంపెనీ మా నెత్తిన పిడుగు వేసింది. ఏపీఐ, అంటే నాలాంటి బయటివాళ్ల సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే దారి, ఇక ఊరికే ఇవ్వరట. మేం పంపే ప్రతి మెసేజ్‌కీ రుసుము. మామ కమిషన్ దానికి చాలదు. మెసేజ్ ఆగితే, తోటకొచ్చే దళారి చెప్పిందే ధర. నాకు ఒళ్లు మండింది.

నిబంధనలన్నీ తిరగేస్తే ఒక సందు దొరికింది. అవతలివాళ్లు ముందు మెసేజ్ పెడితే, మా జవాబుకు రుసుము లేదు. ఇంకేం, ధర మీరే అడగండని రైతులందరికీ కబురు చేయించాను. ఒక్కరూ అడగలేదు.

నన్ను తమిళంలో ముద్దుగా కణ్ణు అని పిలిచే మామ నవ్వాడు. "అమ్మేటోడు ముందు నోరు తెరిచి రేటు అడిగితే, వాడికి అవసరం ముంచుకొచ్చిందని కదా కణ్ణు అర్థం? మనోళ్లు అడగరు."

"మరి ఫోన్ చేస్తే ముందు ఏమడుగుతారు మామా?"

"ఆడ వానా అంటారు. ఎవురైనా అదే."

నాకు అది చాలు. రేటు అడగొద్దు, ఫోన్‌లో గొంతు మెసేజ్ పెట్టి వాన సంగతి అడగండి అని చెప్పించాం. ఎవరు అడిగినా మామ గొంతు జవాబు వెళ్లేట్టు ప్రోగ్రాం మార్చాను. అందులో ముందు వాన, వెనకే ధరలు. మర్నాటి నుంచి ఫోన్ ఊపిరాడనివ్వలేదు.

వారం తిరక్కముందే మామ ఫోన్ చేశాడు. మునగతోట నాగమ్మత్త దగ్గరికి దళారి వచ్చి మండి కంటే తక్కువ ధర చెప్పాడట. ఆమె అతని ముందే ఫోన్‌లో "ఆడ వానా?" అని అడిగి, ఫోన్ చెవికి ఆనించుకుని జవాబు విన్నదట.

"వినేసి ఏమన్నది మామా?"

"వాన లేదంట, కాయ మండికే పోతాది అన్నది."

ఎన్నో ప్రోగ్రాంలు రాశాను. మనుషుల అలవాటు తెలియకుండా రాసింది నిలవదని నేర్చుకున్నది మాత్రం ఇక్కడే. ఆ రోజు నాగమ్మత్త తల వంచలేదు, నా సాఫ్ట్‌వేరూ ఆగలేదు. ఆ గర్వం నాకు ఇప్పటికీ తగ్గలేదు.