బెరిల్ ఎర్ర ఊలు

గ్రిమ్స్‌బీ రేవులో చేపలు కోసే షెడ్డులో ఎవరి కత్తి వాళ్లదే. ఎంత స్నేహమున్నా అరువివ్వరు. ఒకరి చేతికి అలవాటుపడి అరిగిన కత్తి ఇంకొకరి చేతిలో జారితే తెగేది చేప కాదు, వేలు. అందుకే పిడికి తలా ఒక రంగు ఊలు చుట్టుకునేవాళ్లు. బెరిల్ థాకర్‌ది ఎరుపు.

సిగరెట్టు అలవాటూ ఆ షెడ్డులోనే అంటుకుంది. చేపల కంపు తెలియదని మొదలుపెట్టి, ముసలితనం దాకా లాక్కొచ్చింది. మెట్లెక్కితే ఊపిరందని రోజులొచ్చాక, డాక్టరమ్మ పోరు పడలేక ఈ-సిగరెట్టుకు మారింది. అయినా తెరవని సిగరెట్ పాకెట్టొకటి టీ డబ్బా వెనక ఉంచుకుంది. "అదక్కడుంటే నాకు ధైర్యం," అనేది.

వయసు మళ్లినవాళ్ల కోసం కట్టిన ఫ్లాట్లలో ఉంటోంది బెరిల్. ఎదురింటి గ్లెనిస్ ఆవిడకు షెడ్డు నాటి నేస్తం. ఆవిడదీ ఈ-సిగరెట్టే.

ఒకరోజు బెరిల్ ఛార్జరు కనిపించలేదు. గ్లెనిస్ దగ్గర అచ్చం అలాంటిదే ఉంటే అడిగి తెచ్చుకుంది. దాని మర తన సిగరెట్టు బ్యాటరీకి చక్కగా బిగిసింది. సోఫా దిండు మీద పెట్టి, స్విచ్చేసి, బట్టలారేయడానికి వెళ్లింది. వచ్చేసరికి గదంతా కమురు వాసన, దిండు మీద నల్ల మచ్చ, బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. పొగకు మోగే హెచ్చరిక గంట మోగింది. ఫ్లాట్లు చూసుకునే కెల్విన్ పరుగున వచ్చి కరెంటు మెయిన్ ఆపి, అందర్నీ బయటికి పంపాడు.

"పట్టింది కదా బాబూ, సరిపోయిందనుకున్నా," అంది బెరిల్.

"పట్టడం వేరు, సరిపడడం వేరు పెద్దమ్మా! మీ బ్యాటరీ తట్టుకునే దానికన్నా అది ఎక్కువ కరెంటు తోస్తుంది. దేనితో వచ్చిన ఛార్జరు దానికే. పైగా దిండు మీదా? దగ్గర మనిషి లేకుండానా?"

"తిట్టు నాన్నా. మా అమ్మ కూడా ఇంత పద్ధతిగా తిట్టలేదు."

కెల్విన్ నవ్వలేదు. "శుక్రవారం అందర్నీ అడుగుతాను. ఎక్కువమంది వద్దంటే ఈ భవనంలో ఈ-సిగరెట్లిక బంద్."

బంద్ అయితే తనేం చేస్తుందో బెరిల్‌కి తెలుసు. ఇంటికెళ్లి సిగరెట్ పాకెట్టు తీసింది. పైకాగితం గోటికి లొంగలేదు. కత్తెర కోసం సొరుగు లాగింది. కత్తెర కింద పాత చేపల కత్తి, దాని పిడికి వెలిసిపోయిన ఎర్ర ఊలు. పాకెట్టును మళ్లీ టీ డబ్బా వెనక్కి తోసి, కత్తి చేతిలోకి తీసుకుంది. ఆ షెడ్డులో ఒక్కరోజైనా ఎవరి కత్తీ అడగని మనిషి, ఇవాళ ఛార్జరెలా అడిగింది?

శుక్రవారం టీ వేళకు ఊలుండలు పట్టుకుని అందరూ కూడే హాల్లోకి వచ్చింది.

"తగలబెట్టాక స్వెట్టరు అల్లుతావా బెరిల్?" అన్నాడు మూలనున్న విల్ఫ్.

"నీ నోటికి అల్లుతానుండు." కూర్చున్నాక నెమ్మదిగా చెప్పింది. "తప్పు నాదే. గదుల్లో వద్దు. ఇక్కడే, ఆ రాతి పలకల గట్టు మీద, టీ వేళలోనే ఛార్జింగు పెట్టుకుందాం, అందరి కళ్లెదుటా. నిండి దీపం రంగు మారగానే తీసేద్దాం. ఉబ్బినదీ, పైతొడుగు చిరిగినదీ కొన్న కొట్టుకే పోవాలి. ఎవరి బ్యాటరీకీ ఛార్జరుకీ వాళ్ల రంగు ఊలు. అరువుల్లేవు."

కెల్విన్ గట్టు మీద చెయ్యి ఆనించి చూశాడు. రాయి చల్లగా ఉంది. ఒప్పుకున్నవాళ్లని చేతులెత్తమన్నాడు. గ్లెనిస్‌ది ముందు లేచింది. విల్ఫ్‌ది ఆఖర్న, గొణుక్కుంటూ.

వసంతంలో గ్లెనిస్ ఛార్జరు పాడైంది. పచ్చ ఊలు చుట్టిన బ్యాటరీ పట్టుకుని గట్టు దగ్గరికొచ్చింది.

"ఒక్క అరగంట నీది ఇద్దూ. ప్రాణం లాగేస్తోందే."

"ఇవ్వను."

"ఇన్నేళ్ల స్నేహం!"

"అందుకే ఇవ్వను. కోటు వేసుకో, కొట్టు తెరిచే ఉంటుంది. నాదీ ఛార్జింగులోంచి తీసేశాను, నీతో వస్తాను." తలుపు దగ్గర ఆగి, ఎటెళ్లినా ధైర్యానికని టీ డబ్బా వెనకనుంచి వెంట తెచ్చుకునే సిగరెట్ పాకెట్టు సంచీలోంచి తీసి, ఇంకా తెరవకుండానే, చెత్తబుట్టలో పడేసింది.

"ఇదుంటే నువ్వు దారిలో ఒక సిగరెట్టు అడుగుతావు," అంది గ్లెనిస్‌తో.