బొండం బొమ్మ

మా వైపు జబ్బుమనిషిని చూడటానికి ఎవరూ వట్టి చేతులతో రారు. కొబ్బరిబొండాలు తెస్తారు. జ్వరమైనా, ఆపరేషనైనా, కాలు విరిగినా బొండమే. పైగా అవి కొన్నవి కావు. ఎవరి పెరట్లో చెట్టువి వాళ్ళు దింపించుకుని, సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని తెస్తారు. కొన్నదాన్నయితే వద్దనొచ్చు. సొంత చెట్టు కాయని వద్దంటే ఆ మనిషినే వద్దన్నట్టు ఉంటుంది.

మా ఆయన గల్ఫ్‌లో ఎండలో నిలబడి ఇనుపచువ్వలు కట్టే పని చేసి చేసి, మొహం, కాళ్ళు వాచిపోయి ఇంటికొచ్చారు. రెండు కిడ్నీలూ పోయాయన్నారు పెద్దాసుపత్రిలో. వారానికి రెండుసార్లు డయాలసిస్ అన్నారు. వారం తిరక్కుండా మురమళ్ళ దగ్గరున్న మా ఇంటి అరుగు మీద బొండాలు గుట్ట పడ్డాయి. రావులపాలెం నుంచి ఆయన స్నేహితుడొకాయన చక్కెరకేళి అరటిపళ్ళు ఒక అత్తం పట్టుకొచ్చారు. వాటిలో ఒక్కటి కూడా మా ఆయన నోట్లో పెట్టుకోకూడదు.

ఎందుకు పెట్టుకోకూడదో డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. బొండంలో, అరటిపండులో పొటాషియం అని ఒక ఉప్పు ఉంటుందట. మంచి కిడ్నీ అయితే దాన్ని బయటికి పంపేస్తుంది. ఈయనకి బయటికి పోదు. ఒంట్లో పేరుకుని పేరుకుని ఉన్నట్టుండి గుండె ఆగిపోవచ్చు అన్నారు. చేతిలో ఒక కాగితం పెట్టారు. ఏవి తినాలో, ఏవి తినకూడదో ఇంగ్లీషులో చీమల బారులా ఉంది. ఈ జిల్లాలో ఎవరూ కంటితో చూడని పళ్ళ పేర్లన్నీ పైన ఉన్నాయి. మేం పొద్దున్న లేస్తే చూసే కొబ్బరినీళ్ళు ఎక్కడో అడుగున ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

మండదా మరి? నేను అమలాపురంలో ఫ్లెక్సీల షాపులో డిజైన్లు చేస్తాను. పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, శ్రద్ధాంజలులు, ఎన్నికలొస్తే దండాలు పెట్టే నాయకులు, అన్నీ నా చేతిమీదుగా వెళ్ళినవే. మోటారుసైకిలు మీద పోయే మనిషి ఒక్క చూపులో పట్టుకోగలగాలి. పట్టుకోలేకపోతే అది ఫ్లెక్సీ కాదు, వట్టి గుడ్డ. ఎవరి పిల్లాడి పుట్టినరోజుకో అంత శ్రద్ధగా చేస్తామే, ఒక మనిషి ప్రాణం మీదికొచ్చే సంగతిని ఇలా చీమల్లా గుద్ది చేతిలో పెడతారా అని బస్సులో ఇంటికొచ్చేదాకా సణుగుతూనే ఉన్నాను. ఆయన కిటికీకి తల ఆనించుకుని నవ్వుతున్నారు. నా కోపం ఆయనకి ఎప్పుడూ కాలక్షేపమే.

మర్నాడే షాపులో కూర్చుని బొమ్మ వేశాను. ఎడమవైపు ఎర్ర గడి, కుడివైపు ఆకుపచ్చ గడి. ఎర్రదాంట్లో తినకూడనివి: బొండం, అరటిపండు, కమలాపండు, టమాటా. పచ్చదాంట్లో తినదగ్గవి. అక్షరం ముక్క రానివాళ్ళకి కూడా తెలిసేలా అన్నీ ఫోటోలే. షాపులో అందరూ బ్రహ్మాండంగా ఉందన్నారు. తెచ్చి అరుగు మీద స్తంభానికి అంటించాను. వచ్చినవాళ్ళందరూ దాని ముందు నిలబడి, "ఆయ్, చాలా బాగుందండి" అని మెచ్చుకునేవారు. మెచ్చుకుని, తెచ్చిన బొండాలు దాని కిందే పెట్టి వెళ్ళేవారు.

ఆ బొమ్మ ముఖ్యంగా వేసింది మా అత్తయ్య కోసం. నేను పొద్దున్న షాపుకి వెళితే మళ్ళీ దీపాల వేళకి గాని రాను. పగలంతా ఆయనకి కావలసినవి చూసేది ఆవిడే. చదువు లేదు. చిన్నప్పటి నుంచి నాట్లకీ కోతలకీ వెళ్ళిన మనిషి, నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. గుండె సంగతి ఆవిడకి చెప్పొద్దన్నారు మా ఆయన. "మా అమ్మ సంగతి నీకు తెలీదు. గుండె అన్నావంటే ఆవిడ నాకంటే ముందు పోద్ది" అన్నారు. సరేనని, బొండం పడదు అని మాత్రం చెప్పాం. ఎందుకు పడదో చెప్పలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయనకి కాళ్ళూ చేతులూ పట్టు తప్పాయి. నాకు ఫోనొస్తే షాపు నుంచి అటే ఆసుపత్రికి పరిగెత్తాను. రక్తం పరీక్ష చూసి డాక్టరుగారు, ఏం తాగించారమ్మా అని అడిగారు. అత్తయ్య తడుముకోకుండా, బొండాలే కదండీ, రోజూ ఇస్తన్నానండి అంది. వెంటనే డయాలసిస్ పెట్టి ఆయన్ని గట్టెక్కించారు. బయట వరండాలో ఆవిడ మీద నోటికొచ్చినట్టు అరిచాను. స్తంభానికి అంత బొమ్మ అంటించానే, ఎర్రగడిలో ఉన్నది ఇవ్వకూడదని తెలీదా అని నెత్తీ నోరూ బాదుకున్నాను.

అత్తయ్య బిత్తరపోయింది. "ఎర్రంటే పండింది కదమ్మా. పచ్చంటే కాయ. పడదంటే పచ్చికాయ పడదేమో, పండినవే ఇమ్మన్నావనుకున్నాను" అంది.

ఆవిడ జన్మంతా పళ్ళనీ కాయల్నీ రంగు చూసే కోసింది, రంగు చూసే తినిపించింది. ఎర్రలైటు దగ్గర ఆగవలసిన అవసరం ఆవిడకి ఎప్పుడొచ్చింది గనక? నేనేమో నాకు తెలిసిన రంగులు లోకానికంతటికీ తెలుసుననుకున్నాను.

ఇంటికొచ్చాక ఆయనే దారి చెప్పారు. మంచం మీద పడుకుని, "మా అమ్మకి సిగ్నలు లైట్లు ఎక్కడివే? మురుగు కాలవ బొమ్మ వెయ్యి" అన్నారు. ఏ మురుగు కాలవ అన్నాను. "మన చేను మునిగితే ఏమంటారు? మురుగు లాగట్లేదంటారు. నా ఒంట్లోనూ మురుగు లాగట్లేదు, అంతేగా" అన్నారు.

ఆ ఆదివారం ఇద్దరం కూర్చుని వేశాం. ఆయన చెబుతుంటే నేను చేత్తోనే గీశాను. పైన పంటకాలవ, మధ్యలో చేను, కింద మురుగు కాలవ. మురుగు కాలవ నిండా గుర్రపుడెక్క పట్టేసి నీళ్ళు కదలడం లేదు. పంటకాలవలోంచి బొండాలు, అరటిపళ్ళు కొట్టుకొచ్చి చేలో పడుతున్నాయి. చేను మునిగి కుళ్ళిపోతోంది. గట్టు మీద ఒక ఇంజను నీళ్ళు తోడుతోంది, అది డయాలసిస్. ఇంజను పొగ కూడా వెయ్యమని ఆయన పంతం పట్టారు. అడుగున గుండె బొమ్మ వెయ్యబోతే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపేశారు. అది లేకపోతే సంగతి సగమే తెలుస్తుందన్నాను. మా అమ్మకి సగం చాలన్నారు. వెయ్యలేదు.

అత్తయ్య ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. వేలితో గుర్రపుడెక్కని ముట్టుకుంది, ఇంజనుని ముట్టుకుంది. తరవాత నావైపు తిరిగి, "నీళ్ళు మంచియ్యే. పోడానికే దారి లేదు. అంతేనా అమ్మా?" అంది. అంతే అత్తయ్యా అన్నాను. ఇంగ్లీషు కాగితం, నా రంగు గడులు చెప్పలేకపోయిన సంగతి అది. ఆవిడ రెండు ముక్కల్లో నాకే తిరిగి చెప్పింది.

ఆనాటి నుంచి అరుగు మీద కుర్చీ వేసుకుని ఆవిడే కాపలా. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, బొమ్మ చూపించి, మీ అభిమానం చాలండి, మావాడికి మురుగు లాగట్లేదండి అని చెప్పేది. రైతులకి వేరే చెప్పాలా? ఆయ్, అలాగాండి అని బొండాలు మళ్ళీ సైకిలుకి తగిలించుకుని వెళ్ళిపోయేవారు. ఒక్కరూ నొచ్చుకోలేదు. మా చర్చి పాస్టరుగారు ప్రార్థనకి వచ్చినప్పుడు ఆ బొమ్మని ఫోనులో ఫోటో తీసి సంఘంలో అందరికీ పంపించారు. కిడ్నీ గురించి ఇరిగేషన్ వాళ్ళకి అర్జీ పెట్టేస్తే పోలా అని మా ఆయన లోపల్నుంచి వేళాకోళం చేసేవారు. ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వు ఉండేది. ఇది రాస్తుంటే నాకు ఆ నవ్వే గుర్తొచ్చి ఏడుపొస్తోంది.

వానలు పట్టాక ఒక ఉదయం అరుగు మీద పళ్ళు తోముకుంటూ కూర్చున్న మనిషి అలాగే పక్కకి ఒరిగిపోయారు. ఆటోలో తీసుకెళ్ళేసరికే అయిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. ఈ జబ్బులో గుండె నీరసించిపోతుందమ్మా, మీ తప్పేం లేదు, మీరంతా చాలా బాగా చూసుకున్నారు అని డాక్టరుగారు నాకు మరీ మరీ చెప్పారు. కిడ్నీ జబ్బు కదా, గుండె ఆగడమేంటమ్మా అని అత్తయ్య అడిగింది. ఒంట్లో అన్నీ ఒకదానికొకటి ముడే కదా అత్తయ్యా అన్నాను.

ఆయన జ్ఞాపకార్థ కూడికకి ఫ్లెక్సీ నేనే చేశాను. షాపులో వద్దన్నారు, మేం చేస్తామన్నారు. ఊళ్ళో వాళ్ళందరివీ చేసినదాన్ని, ఆయనది ఇంకొకరి చేతికి ఎలా ఇస్తాను? ఫోటోలో వాపులేని మొహం కావాలని గల్ఫ్ వెళ్ళకముందుది వెతికి పెట్టాను. కూడికకి ఊరంతా వచ్చింది. అందరూ వట్టి చేతులతోనే వచ్చారు. అరుగు ఖాళీగా ఉంది.

కొన్నాళ్ళకి డయాలసిస్ సెంటరు నుంచి సిస్టరుగారు ఫోను చేశారు. పాస్టరుగారు పంపిన ఫోటో ఆ చేతా ఈ చేతా పడి అక్కడికి చేరిందట. పేషెంట్ల ఇళ్ళవాళ్ళు దాన్నే అడుగుతున్నారట. గోడకి పెట్టడానికి పెద్దది చేసిపెట్టమన్నారు. అక్కడి డాక్టరుగారు కూడా మాట్లాడారు. "బొమ్మ బాగుందమ్మా. కానీ గుండె వెయ్యాలి. లేకపోతే ఒక్కటి తాగితే ఏమవుతుందిలే అనుకుంటారు" అన్నారు. ఆ మాట నేను ఆయనతో అన్నదే. ఇప్పుడు చెయ్యి పట్టుకుని ఆపేవాళ్ళు లేరు. వేస్తానన్నాను.

ఆయన పోయాక అత్తయ్య ఒక్కర్తీ ఇంట్లో ఉండలేక, మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని బస్సెక్కి షాపుకి వచ్చేయడం అలవాటు చేసుకుంది. నా వెనకాల స్టూలు మీద కూర్చుని, నేను తినేదాకా కదలదు. ఆ రోజు కూడా అలాగే వచ్చింది. నేను చూసుకోలేదు. కంప్యూటరు మీద బొమ్మ తెరిచి ఉంది. చేను కింద ఎర్రగా గుండె, కాలవలోంచి దానిదాకా ఒక బాణంగుర్తు.

"ఇది మన బొమ్మే కదా" అంటూ ముందుకి వంగింది. వేలు బొండం మీద పెట్టింది. బాణంగుర్తు వెంట మెల్లగా కిందికి జరుపుకుంటూ వచ్చి, గుండె దగ్గర ఆపింది. ఇదేంటని అడిగింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆ బొమ్మ ముందు కూర్చుని అబద్ధం ఆడటానికి నాకు నోరు రాలేదు. గుండె అత్తయ్యా అన్నాను.

"బొండం గుండెకెళ్ళిపోద్దా?"

"మురుగు లాగనివాళ్ళకి వెళుతుంది అత్తయ్యా."

వేలు తియ్యలేదు. "ఎర్రబొమ్మప్పుడు నేను రోజూ ఇచ్చేను కదమ్మా" అంది.

క్యారేజీ పక్కన పెట్టి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. అది ఎప్పటి సంగతో చెప్పాను. ఆ రోజే ఇంజను పెట్టి తోడేశారు కదా అన్నాను. ఆ తరవాత మీరు ఒక్క చుక్క తాగనివ్వలేదు కదా అన్నాను. డాక్టరుగారు చెప్పిందంతా చెప్పాను. అన్నీ నిజాలే. ఆవిడ ప్రతిదానికీ ఊఁ అంటూనే ఉంది. కానీ బొమ్మలో ఎప్పటి బొండమో రాసి ఉండదు. బొండం ఉంటుంది, బాణంగుర్తు ఉంటుంది, గుండె ఉంటుంది. చదువు రానివాళ్ళకి కూడా ఒక్క చూపులో తెలిసేలా వేశాను. తెలిసింది. నా పని నేను ఇంత బాగా చేశానే అని ఆ క్షణాన నా చేతుల మీద నాకే అసహ్యం వేసింది.

గుండె తీసేస్తాను అత్తయ్యా, ఎవడు అడుగుతాడో చూస్తాను అని మౌసు మీద చెయ్యి వేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది, అచ్చం ఆయన పట్టుకున్నట్టే.

"తియ్యకు. బొండం చిన్నగా ఉందమ్మా, నాలాంటిదాని కంటికి ఆనదు. పెద్దది చెయ్యి."

బొండం అంచు పట్టుకుని లాగాను. ఇంకా అంది. ఇంకా లాగాను. బొండం పంటకాలవని దాటేసి చేనంత అయింది. అలా పెడితే బొమ్మ పాడవుతుందని నాకు తెలుసు. ఇంకా, ఆనట్లేదు అంది. వెనక్కి తిరిగి చూశాను. కళ్ళనిండా నీళ్ళు. చెంపల మీదికి కారుతున్నా తుడుచుకోవడం లేదు. ఆ కళ్ళకి ఎంత పెద్దది చేస్తే మాత్రం ఏం కనపడుతుంది?

అయినా ఇంకాస్త పెద్దది చేశాను.