పట్టీకి రెండో కొస

మణుగూరు గనిలో బొగ్గు మోసే బెల్టులు తెగితే అతికే జకర్యా ఒంటిమనిషి. వేళ్ళకు రబ్బరు జిగురు వాసన వదలదు. డ్యూటీ దిగాక మెలికల, ముడుల లెక్కలు చెప్పే టోపాలజీ పుస్తకం ముందేసుకుంటాడు. ఎలక్ట్రాన్ ఒక చుట్టు తిరిగితే మొదటి స్థితికి రాదనీ, రెండు తిరగాలనీ చదివాక, పాత బెల్టు పట్టీని కిటికీ ఊచకు కట్టి, రెండో కొస తిప్పుతూ, పట్టీ మెలికా అంతేనా అని సరిచూసుకుంటున్నాడు. ఇంకొకరు చూస్తే బాగుండునని ఆశ. గిన్నె ఇవ్వడానికి వచ్చిన పక్కింటి జోజమ్మకు ఊచకున్న కొస విప్పి అందించాడు.

"ఏందన్నా, నన్ను గుంజను చేసినవా?"

ఒక చుట్టు తిప్పి, తన కొసను ఇక తిప్పకుండా పట్టీ కింద నుంచి దాటించాడు, మెలిక పోలేదు. రెండు చుట్లు తిప్పి దాటిస్తే పట్టీ సాపుగా వచ్చింది.

"అరె, మెలిక ఏడబోయింది? మళ్ళ చెయ్ అన్నా."

చేశాడు. ఇంతలో వాళ్ళింట్లో కుక్కర్ కూస్తే ఆమె వెళ్ళిపోయింది. కొసను మళ్ళీ ఊచకు కట్టాడు. ఊచ గట్టిగానే పట్టుకుంది, మళ్ళీ చెయ్యమని మాత్రం అడగలేదు.